పుస్తకాలు దులిపే మేడం

గల్ఫ్‌లోని అమెరాత్‌లో మా స్కూలు లైబ్రేరియన్, కడప మేడం, కుర్చీలో కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. లైబ్రరీలకు ఏ కొత్త యాప్ వచ్చినా ఫోన్ పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కు పరిగెత్తుకొచ్చేది. పుస్తకాలు వాపసు తీసుకునే మిషన్ని పట్టుబట్టి తెప్పించింది కూడా ఆవిడే. అయినా అందులో పడ్డ ప్రతి పుస్తకాన్నీ తీసి, తలకిందులుగా పట్టుకుని దులిపేది.

"వాపసు వచ్చిందని మిషనే చెబుతుంది కదా మేడం!" అన్నాను విసుగ్గా.

"లోపల ఏం పెట్టినారో చెప్పదు కదా సార్!"

ఆ వారమే ఒక పుస్తకంలోంచి బతాకా రాలింది. ఎవరో పిల్ల పేజీ గుర్తుకోసం వాళ్ల నాన్న గుర్తింపు కార్డు పెట్టేసింది. ఆయన డ్యూటీ మానుకుని ఇల్లంతా వెతుకుతున్నాడట.

మిషన్ ఉండగా మనిషెందుకని స్కూలువాళ్లు ఈ ఏడాది ఆవిడ వీసా పొడిగించలేదు. ఎయిర్‌పోర్టు నుంచి నాకు మెసేజ్ పెట్టింది: "మిషన్‌కు కొత్త అప్‌డేట్ వచ్చింది సార్, వేయించండి. పుస్తకాలు మాత్రం మీరే దులపండి."