ఇసుక దిబ్బ ఎక్కే ముందు

మేడ్చల్‌లోని ఒక ప్రైవేటు బడిలో నేను పదకొండేళ్లు ఆటల టీచర్‌గా పనిచేశాను. ఖోఖో ఆడించడం, ఆగస్టు పదిహేనుకు పిల్లల చేత మార్చ్‌పాస్ట్ చేయించడం, మోకాళ్లకు టింక్చర్ రాయడం నా పనులు. వేసవి సెలవులొస్తే మాత్రం ఇంట్లో కూర్చోలేకపోయేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. శామీర్‌పేట చుట్టుపక్కల రిసార్టులు ఒక్కొక్కటిగా వెలుస్తున్నాయి. అలాంటి చోట సెలవుల్లో ఒక పని దొరికిందని తెలిసి ఎగిరి గంతేశాను.

ఆ స్థలం దేవరయాంజాల్ దాటి లోపలికి వెళితే వస్తుంది. యజమాని కాంట్రాక్టు పనులు చేసి మానేసిన పెద్దాయన. ఒకప్పుడు ఆ భూమిలో మట్టి కడిగి ఇసుక తీసేవాళ్లట. ఆ పని ఆగిపోయాక మిగిలిన ఇసుకంతా అక్కడే గుట్టలుగా ఉండిపోయింది. గాలికీ వానకూ అంచులు జారి, చూడ్డానికి అవి అచ్చం ఎడారి దిబ్బల్లా తయారయ్యాయి. అన్నిటికంటే పెద్దది మూడు నిలువుల ఎత్తుండేది. పెద్దాయన ఎక్కడో క్వాడ్ బండ్లు చూసి వచ్చి, పెద్దవాళ్లకు నాలుగు, పిల్లలకు ఆరు కొన్నాడు. లావాటి టైర్లు, నాలుగు చక్రాలు, మోటార్ సైకిల్ లాంటి హ్యాండిల్. ఇసుకలో కూరుకుపోకుండా గుర్రంలా ఎగిరేవి. వచ్చినవాళ్లను వరుసలో నిలబెట్టి బండి ఎక్కించడం నా పని. గండిమైసమ్మ చౌరస్తాలో బండ్లు బాగుచేసే ఒక మెకానిక్ ఇంజన్ల సంగతి చూసుకునేవాడు. అంతకుమించి మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

మొదటి ఆదివారమే ఒక తండ్రి తన ఆరేళ్ల కూతురిని ముందు కూర్చోబెట్టుకుని పెద్ద బండి ఎక్కాడు. స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని తీసుకెళ్లే అలవాటు మన అందరిదీ. నాకూ తప్పనిపించలేదు. వెళ్లమని చెయ్యి ఊపాను. దిబ్బ సగం ఎక్కాక పాప భయపడి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. ఆ బండికి ఆక్సిలేటర్ బొటనవేలితో నొక్కేది. తండ్రి వేలి మీద పాప వేలు పడింది. బండి ఒక్కసారిగా పైకి లేచి దిబ్బ కొన దాటింది. అవతల ఇంకొకరి బండి ఇసుకలో ఇరుక్కుని ఉంది. దాన్ని తప్పించబోయి ఆయన పక్కకు తిప్పాడు, బండి బోల్తా కొట్టింది. పాప బండి కిందికి వెళ్లింది.

ఇసుక మెత్తగా ఉండబట్టి ప్రాణానికి ఏమీ కాలేదు. భుజం దగ్గరి ఎముక విరిగింది. జీపులో మేడ్చల్ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే పాప తల నా ఒళ్లోనే ఉంది. కట్టు కట్టాక డాక్టరు కుదురుకుంటుందని చెప్పాడు. పాప తల్లి ఆసుపత్రి వరండాలో నా ఎదుటికి వచ్చి నిలబడింది. అరవలేదు, ఏడవలేదు.

“నువ్వు ఆడనే ఉంటివి గద అక్కా. వద్దని ఒక్క మాట ఎందుకు అనకపోతివి?”

బడిలో పిల్లలు గోడ ఎక్కబోతే దూరం నుంచే ఈల వేసే మనిషిని నేను. ఆ రోజు ఈల నా మెడలోనే ఉంది.

మర్నాడు పెద్దాయన బండ్లన్నీ షెడ్డులో పెట్టి తాళం వేశాడు. “ఇగ బంద్ జేద్దాం టీచరమ్మా. పిల్లల ఉసురు నాకొద్దు,” అన్నాడు. నేనూ అదే కోరుకుని వెళ్లాను నిజానికి. తీరా ఆయన నోట ఆ మాట విన్నాక మనసొప్పలేదు. తప్పు బండిది కాదు, ఇసుకది కాదు. ఎవరు ఎక్కాలో, ఎలా ఎక్కాలో చెప్పకుండా తాళాలు చేతికిచ్చిన మాది. పదిహేను రోజులు గడువివ్వమని అడిగాను. అప్పటికీ నాకు నమ్మకం కుదరకపోతే నేనే తాళం వేసి వెళ్తానన్నాను. ఆయన తాళంచెవులు నా ముందు పెట్టాడు.

మెకానిక్, నేను పొద్దున్నే వెళ్లి ఆ బండి ఎన్ని రకాలుగా పడుతుందో పడి చూశాం. దిబ్బను అడ్డంగా ఎక్కితే దొర్లుతుంది. నిటారుగా, ఒళ్లు ముందుకు వంచి ఎక్కితే నిలుస్తుంది. భయమేసి కాలు కింద పెడితే వెనక చక్రం పాదం మీదికి వస్తుంది. కొన దాటేటప్పుడు అవతల ఏముందో కనబడదు. అదే అన్నిటికంటే పెద్ద గండం. మూడో రోజు నా మోచేయి చర్మం అరచేయంత లేచిపోయింది. ఇంట్లో మా ఆయన చూసి, బడి పిల్లలు నయమని నవ్వాడు.

పడిన ప్రతిసారీ ఒక నియమం రాసుకున్నాను. పిల్లలు చిన్న బండ్లే ఎక్కాలి, ఒక బండికి ఒక్కరే. హెల్మెట్, కళ్లద్దాలు, బూట్లు, చేతులకు గ్లవ్స్ లేకుండా తాళం తిప్పేది లేదు. చున్నీ తీసి తల్లి చేతికివ్వాలి. సీటు మీద కూర్చుంటే పాదాలు బండి కింది పలకలకు పూర్తిగా అందాలి, అందకపోతే వచ్చే ఏడాది రావాలి. తల్లో తండ్రో కంటికి కనబడే చోట నిలబడాలి. పెద్దవాళ్ల దిబ్బలు వేరు, పిల్లల దిబ్బలు వేరు, మధ్యలో హద్దుగా కట్టెలు పాతించాం. తొవ్వ ఒకటే, దాని మీద అందరూ ఒకే దిక్కుగా పోవాలి. ప్రతి దిబ్బ కొనకు కొంచెం కింద ఇసుకను చదును చేయించి మెట్టులా కట్టించాం. ప్రతి ఒక్కరూ అక్కడ ఆగి, చూసుకుని, అప్పుడే కొన దాటాలి.

చూసుకోవడానికి ఏదో ఒకటి కనబడాలి కదా. దానికి మెకానిక్ ఉపాయం చెప్పాడు. ప్రతి బండికీ వెనక పొడవాటి సన్నటి వెదురు కర్ర బిగించి, కొసన నారింజ రంగు గుడ్డ కట్టాడు. మనిషి దిబ్బ చాటున ఉన్నా జెండా కొస పైకి కనబడుతుంది. చిన్న బండ్ల వేగం పెరగకుండా ఆక్సిలేటర్ దగ్గర ఒక మర బిగించాడు. ఇంజన్ తాళం నుంచి పిల్లల నడుముకు ఒక తాడు కట్టాడు. పిల్ల కిందపడితే తాడు ఊడుతుంది, ఇంజన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. చిన్న తలలకు సరిపోయే హెల్మెట్ల కోసం సికింద్రాబాద్‌లో దుకాణాలన్నీ తిరిగాను.

అన్నీ అయ్యాక ముందు నా సొంత బిడ్డను ఎక్కించాను. దానికప్పుడు పదేళ్లు. ముందు చదును నేల మీద డబ్బాల మధ్య ఎనిమిది అంకెలా తిప్పించాను. ఆగమంటే ఆగడం, చెయ్యి ఎత్తి వెనకవాళ్లను ఆపడం నేర్పాను. తర్వాత దిబ్బ. మెట్టు మీద ఆగింది, మెడ చాచి అటూ ఇటూ చూసింది, కొన దాటి కనబడకుండా పోయింది. అవతల దిగి చుట్టు తిరిగి మళ్లీ కనబడేదాకా నేను కొన మీంచి చూపు తిప్పలేదు. హెల్మెట్‌లోంచి దాని పళ్లు కనిపించాయి.

తెరిచిన మొదటి ఆదివారం చాలామంది విసుక్కుని వెళ్లిపోయారు. డబ్బాల చుట్టూ అరగంట తిరగడానికా ఇంత దూరం వచ్చిందని ఒకాయన గొడవపడ్డాడు. నేను తగ్గలేదు. రెండో వారానికి విచిత్రం జరిగింది. పిల్లలకు ఆ నియమాలు నచ్చాయి. తమకు మాత్రమే తెలిసిన రహస్యంలా వాటిని మోసేవాళ్లు. చెప్పులతో దగ్గరికి వచ్చిన తండ్రులను వాళ్లే వెనక్కి పంపేవాళ్లు. మూడో వారానికి చెట్టు కింద పిల్లల వరుస గేటు దాకా చేరింది.

మే నెల చివర్లో మేడ్చల్ చర్చి సండే స్కూలు పిల్లలు పిక్నిక్‌కు వచ్చారు. అందులో ఒక బక్కపలచటి అమ్మాయి, పదకొండేళ్లుంటాయి. వాళ్ల అమ్మ ఆసుపత్రిలో నర్సు అని చెప్పింది. చెప్పినదల్లా ఒక్కసారికే పట్టేసింది. డబ్బాల దగ్గర ఒక్కటీ తాకించలేదు. దాన్నే వరుసకు ముందు నిలబెట్టాను.

అదే సమయానికి రెండు జీపులు వచ్చి ఆగాయి. దిగినాయన ఆ చుట్టుపక్కల పలుకుబడి ఉన్న పెద్దమనిషి. వెంట ఐదారుగురు మనుషులు, తొమ్మిదేళ్ల కొడుకు. నేరుగా పెద్ద బండి దగ్గరికి వెళ్లి, కొడుకును ఎత్తి ముందు కూర్చోబెట్టాడు. నేను వెళ్లి హ్యాండిల్ ముందు నిలబడ్డాను. పిల్లలు పెద్ద బండి ఎక్కగూడదని చెప్పాను.

“నా కొడుకును నేను పట్టుకుంట. నీకేంది పరేషాన్?” అన్నాడు.

“పట్టుకుంటరు సార్. గని బాబు బొటనవేలు ఆక్సిలేటర్ మీద పడితే మీరు ఆపలేరు. నేను కండ్లార చూసిన. ఎక్కనియ్య.”

ఆయన మనుషులు పెద్దాయన్ను పిలుచుకొచ్చారు. పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన భూమికి, ఆయన పనులకు ఆ పెద్దమనిషితో ఎన్ని అవసరాలుంటాయో నాకు తెలుసు. అయినా తాళంచెవి పిడికిట్లోంచి వదల్లేదు. పెద్దాయన నా మొహం చూశాడు, ఆ పిల్లవాడి మొహం చూశాడు.

“ఈ దిబ్బల కాడ టీచరమ్మ మాటనే మాట సార్. నా మనుమడు వచ్చినా గంతే,” అన్నాడు.

పెద్దమనిషి మొహం ఎర్రబడింది. ఆ లోపు కొడుకే బండి దిగి సండే స్కూలు పిల్లల దగ్గరికి పోయి నిలబడ్డాడు. వాళ్లందరి నెత్తిన హెల్మెట్లు చూసి తనకూ ఒకటి కావాలన్నాడు. మా దగ్గరున్న బూట్లు తొడిగించి, డబ్బాల చుట్టూ తిప్పించాను. రెండుసార్లు తప్పాడు, మూడోసారికి కుదిరింది. తండ్రి ఒక్కడే పెద్ద బండి వేసుకుని పెద్దవాళ్ల దిబ్బల వైపు దుమ్ము రేపుతూ వెళ్లిపోయాడు.

పిల్లల మొదటి వరుసను పంపించాను. ముందు ఆ నర్సు కూతురు, దాని వెనక ఇద్దరు, నాలుగోవాడు ఆ పిల్లవాడు. ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఇరవై అడుగుల ఎడం. దిబ్బ పైన నిలబడి అవతలి వైపు చూడాల్సిన మెకానిక్, పెద్దవాళ్ల దిబ్బల దగ్గర ఇరుక్కున్న ఒక బండిని లాగడానికి వెళ్లాడు. నేను కిందనే ఉన్నాను. అమ్మాయి మెట్టు దాకా ఎక్కి ఆగింది. మామూలుగా రెండు క్షణాలు చూసి దాటేస్తారు. అది దాటలేదు. బండిని మెట్టు అంచుకు జరిపి, కుడి చెయ్యి నిటారుగా పైకి ఎత్తింది. వెనక ఇద్దరూ ఆగిపోయారు. ఆ పిల్లవాడూ ఆగాడు, వాడూ చెయ్యి ఎత్తాడు.

ఏమైందో నాకు అర్థమయ్యేలోపు కొన మీద నారింజ రంగు జెండా ఎదురు దిక్కు నుంచి లేచింది. దాని వెంటే పెద్ద బండి గాల్లోకి వచ్చింది. పెద్దమనిషి హద్దు కట్టెలు దాటి, పిల్లల దిబ్బను అటువైపు నుంచి ఎక్కాడు. వాలులో నలుగురు పిల్లల్ని చూసి హ్యాండిల్ తిప్పాడు. ఆ అమ్మాయి ఖాళీ చేసిన మెట్టు మీదుగా బండి జారి, పక్క ఇసుకలోకి దిగబడి ఆగిపోయింది. ఆయన ఎగిరి మోకాళ్ల మీద పడ్డాడు. పిల్లల్లో ఒక్కరికీ గీత కూడా పడలేదు.

నేను పరుగెత్తుకుంటూ ఎక్కేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నాడు. దెబ్బలేమీ లేవు. కొడుకు ఆగిన చోటు చూశాడు, తన బండి చక్రాల గీత చూశాడు. అది తిన్నగా సాగి ఉంటే ఎక్కడికి చేరేదో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అమ్మాయి దగ్గరికి వెళ్లాడు. దాని చెయ్యి ఇంకా పైకే ఉంది. ఎందుకు ఆగావని అడిగాడు.

“జెండ కొస కనవడ్డది సార్. ఎదురుంగ ఎవరు రావద్దు. వస్తున్నరంటే ఏదో తప్పైంది, పక్కకు జరిగి ఎనకోళ్లను ఆపాలె,” అంది ఆ పిల్ల, బడిలో పాఠం అప్పజెప్పినట్టు.

ఎదురుగా వస్తే ఏం చేయాలో నేను నేర్పలేదు. ఆగమన్నాను, చూడమన్నాను, చెయ్యి ఎత్తడం చూపించాను. వాటిని కలిపి కుట్టింది ఆ పిల్ల బుర్ర. నాకు కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. దాని చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాను.

పెద్దమనిషి అమ్మాయి తల మీద, ఆ హెల్మెట్ మీదే, చెయ్యి పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “నాకూ నేర్పుండ్రి టీచరమ్మా. మొదటికెల్లి,” అన్నాడు. ఆయన మనుషులు చూస్తుండగానే హెల్మెట్ పెట్టుకుని డబ్బాల చుట్టూ తిరిగాడు. రెండు డబ్బాలు తన్నేస్తే కొడుకు అరిచి మరీ మళ్లీ మొదలుపెట్టించాడు. ఆయన మారు మాట్లాడకుండా వెనక్కి వెళ్లాడు.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆ దిబ్బలు నడిచాయి. ప్రతి సెలవుల్లో నేనే ఉన్నాను. పడినవాళ్లున్నారు, మోకాళ్లు గీరుకున్నవాళ్లున్నారు. ఆసుపత్రికి మోసుకెళ్లాల్సిన పిల్ల మాత్రం ఒక్కరూ లేరు. శామీర్‌పేట వైపు అలాంటి బండ్లు తెచ్చిన ఇంకో ఇద్దరు యజమానులు వచ్చి మా జెండా కర్రల కొలతలు తీసుకున్నారు, మా మెట్టు దగ్గర నిలబడి అడుగులు లెక్కపెట్టుకున్నారు. వాళ్ల మనుషులకు నేర్పడానికి నన్ను జీపు పంపి పిలిపించుకున్నారు. టీచర్‌గా అంత గర్వంగా నేను ఏ జీపూ ఎక్కలేదు.

ఆ పిక్నిక్ రోజు సాయంత్రం ఇప్పటికీ కళ్ల ముందుంది. వెళ్లేముందు సండే స్కూలు పిల్లలు ఇంకొక్క చుట్టు కావాలని పట్టుబట్టారు. ఆరు చిన్న బండ్లూ వరుస కట్టాయి. ముందు ఆ అమ్మాయి, మధ్యలో పెద్దమనిషి కొడుకు, చివర్న ఆ రోజు నాతో వచ్చిన నా బిడ్డ. ఒక్కొక్కరూ మెట్టు దగ్గర ఆగి, చూసుకుని, నిటారుగా ఎక్కారు. కింద తల్లిదండ్రులు పేర్లు పెట్టి అరుస్తూ చప్పట్లు కొడుతున్నారు. ఆరు జెండాలు ఒకదాని వెనక ఒకటి కొన దాటి అవతలికి దిగాయి. నేను ఈల నోట్లో పెట్టుకుని, ఊదాల్సిన అవసరం రాక, అలాగే నిలబడి చూశాను.