ఫ్యాను లేని కంప్యూటరుకు నెమళ్ల కవరు

నా శరీరంలో పదిమంది మెచ్చుకున్న భాగం గొంతు ఒక్కటే. మిగతా వాటి ఊసు మా ఇంట్లోవాళ్లే ఎత్తరు. అలాంటి గొంతు విని ఒకావిడ ఫోన్లో ఎంతో మర్యాదగా అడిగింది.

"మీ వెనకాల రైస్ మిల్లు ఏమైనా ఆడుతోందాండి?"

తెనాలిలో మిల్లులకు కొదవ లేదు గానీ మా వీధిలో ఒక్కటీ లేదు. ఆ ఆడుతున్నది నా కంప్యూటరు.

చూపు లేని పిల్లల కోసం బడి పుస్తకాలు చదివించి రికార్డు చేసే సంస్థ ఒకటుంది. ఆఫీసులో ఫైళ్లు తిరగేసే గుమాస్తాను నేను. పదో తరగతి సాంఘికశాస్త్రం చదివిపెడతానని వాళ్లకు మాటిచ్చాను. ఇచ్చిన గంటలోపే ఆఫీసులోనూ, టీ కొట్టులోనూ, క్షవరం కుర్చీలోనూ చెప్పేసి సగం జిల్లాకు ఆ వార్త చేరవేశాను. మొదటిసారి పంపిన పాఠం తిరిగొచ్చింది. రెండోసారి కంప్యూటరు మీద మూడు దిండ్లూ ఒక బొంతా కప్పి చదివాను. ఊపిరాడక అది వేడెక్కి, లోపలి ఫ్యాను విమానం లేచినట్టు లేచింది. అదీ తిరిగొచ్చింది. ఫోన్లో చదివితే పోయేది కదా అన్నారు చాలామంది. సంస్థవాళ్లు పంపిన మైకు కంప్యూటరుకే తగులుతుంది మరి.

"శనివారం సాయంత్రం ఆరులోపు ఒక్క పాఠం శుభ్రంగా పంపండి సార్" అంది ఆ సంస్థ ఆవిడ. "లేకపోతే పుస్తకం వేరేవాళ్లకి ఇవ్వాల్సొస్తుంది. బడులు తెరిచేసరికి పిల్లలకి అందాలి కదండి."

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. రెండోసారి వడ్డించుకున్నది మాత్రమే సయించింది.

ఫ్యానే లేని కంప్యూటరు కట్టుకోవాలని నిర్ణయించాను. తక్కువ కరెంటు తినే ప్రాసెసరూ మదర్‌బోర్డూ కొరియర్లో వచ్చాయి. ఇక కావలసింది ఫ్యాను బదులు ఆ వేడిని లాగేసే లోహపు దిమ్మ. దాని కోసం బాపట్ల వెళ్లాను. అక్కడ పెళ్లిళ్ల మైకుసెట్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. పాత ఆంప్లిఫయరు వెనక నుంచి ఒక అల్యూమినియం దిమ్మ ఊడదీసి నా చేతిలో పెట్టారు. ఒక వైపు నున్నగా ఉంది, రెండో వైపు దువ్వెన పళ్లలా రెక్కలున్నాయి. బరువు చూస్తే ఆంజనేయస్వామికి తప్ప ఇంకెవరికీ లేచేలా లేదు.

"దీని మీద మూడు మండలాల పెళ్లిళ్లు జరిగాయండి" అన్నారాయన. "ఎంత వేడైనా మింగి గాలికి వదిలేస్తుంది. మీరు చెయ్యాల్సిందల్లా దానికి గాలాడనివ్వడమే. ఊపిరాడకపోతే మాత్రం నా పూచీ లేదు."

ఆ చివరి మాటను తెనాలి దాకా మోసుకొచ్చాను. దిమ్మ కన్నా అదే బరువుగా ఉంది. ప్యాసింజరు రైల్లో ఎదుటి సీటులో ఎండుచేపల బుట్టతో కూర్చున్నావిడ నా ఒళ్లో ఉన్న దిమ్మనూ నన్నూ నిడుబ్రోలు దాకా మార్చి మార్చి చూసింది.

"ఏంటి బాబూ అది, దోసెల పెనమా?"

"కంప్యూటరుకండి. లోపల ఫ్యాను పెట్టకుండా ఇది పెడతాను."

"రోహిణి కార్తెలో ఫ్యాను తీసేస్తావా? దానికి ఉక్కపొయ్యదూ?"

పెట్టెలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. సరిగ్గా నన్ను తినేస్తున్న ప్రశ్నే ఆవిడ అడిగింది.

ప్రాసెసరుకూ దిమ్మకూ మధ్య తెల్లటి పేస్టు రాయాలి. ఎక్కువైతే తప్పు, తక్కువైతే తప్పు. కాటుక దిద్దినంత శ్రద్ధగా రాస్తుంటే మా ఆవిడ వెనక నిలబడి, "నా పుస్తెల తాడు మెలిపడితే ఇంత సేపు చూశారా ఎప్పుడైనా?" అంది. మరలు బిగించాను. స్విచ్చి వేశాను. ఏమీ వినపడలేదు. చచ్చిందనుకున్నాను. మూల నుంచి ఆవగింజంత నీలి దీపం చూస్తోంది. బతికే ఉంది.

కానీ చప్పుడు లేని యంత్రంతో కాపురం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పాతది అరిచేది, అరుస్తోంది కాబట్టి బతికుందని నమ్మకం ఉండేది. దీన్ని నమ్మాలంటే చెయ్యి పెట్టి చూడాలి. ఐదు నిమిషాలకోసారి అరచేయి ఆనించడం, గోరువెచ్చగా ఉంటే ఊపిరి పీల్చుకోవడం, కాస్త చురుక్కుమంటే పీల్చుకున్నది వదిలేయడం. "పిల్లలకి జ్వరమొచ్చినప్పుడు ఇలా చూసుంటే నేను కాస్త నిద్రపోయేదాన్నండి" అంది మా ఆవిడ.

శుక్రవారం రేపల్లె నుంచి అక్క వచ్చింది. మా అక్క ప్రపంచంలో కవరు లేని వస్తువు ఉండకూడదు. ఆవిడ ఇంట్లో టీవీకి, ఫ్రిజ్జుకి, మిక్సీకి, గ్యాసు బండకి కుచ్చుల గౌన్లుంటాయి. బావగారు కదలకుండా కూర్చుంటే కొలతలు తీసేస్తుందని భయపడి రోజంతా వీధిలో తిరుగుతుంటారు. నేను ఫోన్లో పంపిన ఫోటో చూసి కొలత ఊహించి, మందపాటి గుడ్డ మీద రెండు నెమళ్లు కుట్టి, అంచు చుట్టూ లేసు వేసి తెచ్చింది.

"కష్టపడి కట్టుకున్నావంట కదరా. దుమ్ము పడుద్దని."

అప్పుడే చెప్పాల్సింది, అక్కా, దీనికి గాలాడాలి, గుడ్డ కప్పకూడదు అని. నెమళ్ల కళ్లకు అద్దాలు కూడా కుట్టింది. "పని అయ్యాక వేద్దాంలే అక్కా" అన్నాను. నేను చేసిన పొరపాటు ఆ ఒక్క మాటే.

శనివారం మధ్యాహ్నం తలుపులు మూసి, సీలింగు ఫ్యాను ఆపి, మైకు ముందు కూర్చున్నాను. కంప్యూటరు నోరు మూసుకునేసరికి లోకంలో మిగతావన్నీ నోరు తెరిచాయి. గోడ గడియారం సమ్మెట దెబ్బలు కొట్టింది. దాన్ని దుప్పట్లో చుట్టాను. ఫ్రిజ్జు గురక పెట్టింది. ఆపేశాం. చివరికి నా పొట్ట ఒక్కటే మిగిలింది. దానికి రెండు అరటిపళ్లు ఇచ్చి రాజీ కుదుర్చుకున్నాను. చెమట కాలవ కట్టి కృష్ణా డెల్టాకు మరో పంట ఇచ్చేంత కారింది. చదివాను. నలభై నిమిషాలు ఒక్క తడబాటు లేదు. దిమ్మ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది గానీ కాలలేదు. చదివిందంతా ఒక ఫైలుగా కట్టమని కంప్యూటరుకు చెప్పి, అది కట్టేలోపు స్నానానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి రెండు నెమళ్లు నన్ను చూస్తున్నాయి.

కవరు లాగేశాను. దిమ్మ దోసె పొయ్యదగినంత వేడిగా ఉంది. నీలి దీపం లేదు. టైము నాలుగున్నర.

అక్క గుమ్మంలో నిలబడింది. "పని అయ్యాక వేద్దామన్నావుగా. చప్పుడు లేదు, తెర చీకటిగా ఉంది. ఆపేశావనుకున్నానురా."

ఆవిడ తప్పేముంది. మనిషి పక్కన పనిచేసే ఏ వస్తువైనా ఏదో ఒక శబ్దం చేస్తుంది, మరి ఇది చెయ్యదని ఆవిడకు నేను చెప్పలేదు. అరవాలనుకున్నాను. అక్క చేతిలో ఇంకా సూదీ దారం ఉన్నాయి. ఒక నెమలి అద్దం ఊడితే కుట్టడానికి వచ్చిందట. అరవలేకపోయాను. పాఠం పోయిందా, ఉందా, ఇంకోసారి వెలుగుతుందా, అసలు వెలగదా. కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. ఎక్కడో నా గొంతు కోసం పిల్లలంతా చెవులు రిక్కించి ఎదురుచూస్తున్నట్టు, పుస్తకం నా ముందు నుంచే ఇంకొకరి ఇంటికి నడిచిపోతున్నట్టు అనిపించింది.

అక్క వంటింట్లోకెళ్లి తాటాకు విసనకర్ర తెచ్చి దిమ్మ ముందు మఠం వేసుకుని విసరడం మొదలుపెట్టింది. ఫ్యాను లేని కంప్యూటరుకు ఫ్యాను దొరికింది.

ఐదుంబావుకు దిమ్మ కాస్త చల్లబడింది. స్విచ్చి వేస్తే నీలి దీపం కళ్లు తెరిచింది. పాఠంలో సగానికి పైగా ఉంది. చివరి పదిహేను నిమిషాలు పోయాయి. మళ్లీ చదవాలి. ఆపకుండా విసరాలి కూడా, దిమ్మ ఇంకా కోపంగానే ఉంది. అయితే అక్క చెయ్యి కదిలితే గాజులు గలగలమంటాయి.

"గాజుల చప్పుడు వస్తుందండి" అని మా ఆవిడ నాతో మెల్లిగా అంది. తీయమని ఎవరు అనగలరు. బావగారు లక్షణంగా రేపల్లెలో తిరుగుతుంటే ముత్తైదువను గాజులు తీయమని అడిగే నోరు మా ఇంటావంటా లేదు. అక్కే లేచి, నెమళ్ల కవరు తీసుకుని, గాజులన్నీ మోచేతి వైపు ఎగదోసి, వాటి మీద కవరు గట్టిగా చుట్టింది.

"ఇటు ముడెయ్యి అమ్మాయ్" అంది మా ఆవిడతో. "చూశావా, కవరు అక్కరకొచ్చింది."

చదివాను. అక్క విసురుతూనే ఉంది. ఆరుకు నాలుగు నిమిషాలుందనగా పంపాను. ఆ తర్వాత రెండు రోజులు నా ఫోను చేతిలో పెట్టుకుని, అది కూడా వేడెక్కుతోందేమోనని చూసుకుంటూ గడిపాను.

సోమవారం సంస్థ ఆవిడ ఫోన్ చేసింది.

"ఈసారి మిల్లు లేదండి. బాగుంది. పుస్తకం మీదే. ఒక్కటే, పాఠం చివర్లో ఎవరో 'ఊఁ' అన్నారు. తీసేయమంటారా?"

నేను విననేలేదు. విసురుతూ పాఠంలో పడిపోయి, చిన్నప్పుడు నేను చెప్పే కోతలకు కొట్టినట్టే ఊఁ కొట్టింది మా అక్క. రేపల్లెకు ఫోన్ చేసి అడిగాను.

"వినేవాళ్లు ఊఁ అంటే పిల్లలకి పక్కన ఇంకొకరున్నట్టుంటుంది. ఉంచమను" అంది. ఆగి, "రెండో పాఠం ఎప్పుడు?" అని అడిగింది.

వచ్చే శనివారం. అన్నట్టు, ఇది రాస్తూ దిమ్మ మీద ఏడుసార్లు చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగానే ఉంది. ఇప్పటికైతే.