బరువుకు కూసున్న అమ్మ

మా బాపు రిటైరైనంక ఒక పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నడు. రెండే సీట్లు, పైన టాపు లేదు. "గా డొక్కుల నేను కూసోను" అని అమ్మ దాని దిక్కే రాకపోయేది. నాచారంల మా గల్లీ స్పీడ్ బ్రేకర్ ఎక్కితే సాలు, ముందు చక్రాల కాడ కిర్రుమనేది.

ఒక ఆదివారం నేనూ బాపూ కలిసి ముందు సస్పెన్షన్ విప్పినం. లోపల రబ్బరు బుష్‌లు పగిలి పొడిపొడి అయినయి. కొత్తవి ఎక్కించి, చక్రాలు బిగించి, కారును చెక్క దిమ్మెల మీదికి దించినం. ఇగ బుష్‌ల బోల్టులు బిగిద్దామని నేను పాన అందుకుంటే బాపు ఆపిండు.

"మనుషులు కూసున్నంకనే బిగియాలె బిడ్డా. ఖాళీ కారుకు బిగిస్తే రబ్బరు మెలివడి మళ్ల పగుల్తది."

నేను కిందికి దూరాలె, బాపు స్టీరింగ్ ముందు కూసోవాలె. రెండో సీటుకు మిగిలింది అమ్మనే.

"గింత బతుకు బతికి బరువుకు పనికొచ్చిన్నా?" అనుకుంట, చిక్కుడుకాయల గిన్నె ఒళ్లె పెట్టుకొని ఎక్కింది. నేను కింద బోల్టులు బిగిస్తుంటే పైన ఇద్దరూ ముచ్చట్లల్ల వడ్డరు.

బయటికొచ్చి "అయింది, దిగమ్మా" అన్న. ఆమె దిగలే.

"ఎట్లాగూ కూసున్న గదా. జర ఉప్పల్ దాక తిప్పుకరమ్మను."

దిమ్మెల మీదికెళ్లి దిగిన కారు స్పీడ్ బ్రేకర్‌ను సప్పుడు లేకుండ దాటింది. గేటు కాడ నిలవడి నేనొక్కదాన్నే సప్పట్లు కొట్టిన.

పొద్దుగూకినంక వచ్చిన్రు. చిల్కానగర్ల మా మేనత్తకు కారు సూపెట్టొచ్చిన్రంట.

"గింత ఆలస్యమేందమ్మా?" అనడిగిన.

"మీ బాపు మరీ మెల్లగ నడుపుతుండే" అన్నది.