తోడే కోడళ్లు

మా తోడికోడలికి నీళ్లంటే ప్రాణం. మనుషుల సంగతి అంత గట్టిగా చెప్పలేను. యూనివర్సిటీలో భూగర్భజలాల ఫీల్డు కోర్సు చెప్పేది మేమిద్దరమే. అన్నదమ్ముల్ని చేసుకున్నాం, ఒకే ఇంట్లో ఉంటాం, స్టాఫ్ రూములో ఒకే బల్లకు అటొకరం ఇటొకరం కూర్చుంటాం. ఇంత సావాసం పగవాళ్లకు కూడా వద్దు.

నేను ఆమెను అక్కయ్య అంటాను. ఫీల్డుకు బయల్దేరిందంటే వెనక క్లాసు పిల్లలు పరుగెత్తాల్సిందే. బోరు మూత తీసి, లోపలికి తొంగి చూసి, "ఏమ్మా, పోయినసారికంటే చిక్కిపోయావే!" అని పలకరిస్తుంది. ఇంట్లో నన్ను ఏనాడూ అలా పలకరించిన పాపాన పోలేదు. స్టీలు టేపుకు సుద్ద రాసి బోరులోకి వదిలి, సుద్ద ఎక్కడిదాకా తడిసిందో చూసి నీటిమట్టం చెబుతుంది. సాయంత్రానికి చేతుల మీదే కాదు, ముక్కు మీద కూడా సుద్దే.

"పక్కపక్కనున్న బోర్లు తోడికోడళ్లర్రా. ఒకదాన్ని తోడితే రెండోదాన్లో నీళ్లు దిగిపోతాయి," అని ఏటా చెబుతుంది. అది విని ఏ మహానుభావుడో మాకు 'తోడే కోడళ్లు' అని పేరు పెట్టాడు. అది ఇప్పటికీ ఊడలేదు.

అలాంటి అక్కయ్య ఈ మధ్య నాతో మాట్లాడటం మానేసింది. గొడవా లేదు, కారణమూ లేదు. "అక్కయ్యా, టీ పెట్టనా?" అంటే ఉలుకూ పలుకూ ఉండదు. అదే బావగారు తన డోలు గొంతుతో "టీ!" అంటే "నాకూ" అంటుంది. నా గొంతు సన్నమే, ఒప్పుకుంటాను. పెళ్లయిన కొత్తలో మా ఆయన పిచ్చుక అనేవారు, ఇప్పుడు విజిల్ అంటున్నారు. అంతమాత్రాన ఇంత చులకనా?

ఒళ్లు మండి, ఒకరోజు ఆమె గిన్నెలు కడుగుతుంటే వెనక నిలబడి చెప్పేశాను. "ఈ ఫీల్డు క్యాంపు అయ్యాక మేం వేరే ఇంటికి వెళ్లిపోతాం. కోర్సుకు కూడా ఇంకెవర్నైనా చూసుకో." ఆమె కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. మాటవరసకైనా "ఎందుకే?" అనలేదు. మర్నాడు మళ్లీ చెప్పాను. అదే వరస. వదిలించుకోవడం ఆమెకూ ఇష్టమే కాబోలనుకుని కుమిలిపోయాను. మావాళ్లు ఇల్లు కూడా చూసి పెట్టారు.

క్యాంపు వచ్చింది. డిపార్టుమెంటు ఈసారి కొత్త పరికరం కొనిచ్చింది. టేపు చివరి ములికికి నీళ్లు తగిలితే పైనున్న డబ్బా కీచుమని కూస్తుంది. నేను తోడే బోరు దగ్గరున్నాను. అక్కయ్య, పిల్లలు కేక వేస్తే వినపడేంత దూరంలో రెండో బోరు దగ్గరున్నారు. మామధ్య మాటల్లేవు కనుక పంపు వేసి తువ్వాలు ఊపాను. ఆమె టేపు వదిలింది.

డబ్బా కీచుమంది. ఆ కూత నా దాకా వినపడింది. అక్కయ్య ఆగలేదు, వదులుతూనే ఉంది. డబ్బా గొంతు చించుకుంటోంది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి ఆమె లేచి నిలబడి ప్రకటించింది.

"ములికి అడుక్కి తగిలింది. రాసుకోండి. బోరు ఎండిపోయింది."

పంపు వేసి నిమిషం కాలేదు. ఏనుగుల మందను తోలుకొచ్చినా అంత త్వరగా తాగవు. పిల్లల ముందు నన్ను నవ్వులపాలు చేయడానికే ఈ నాటకమని నాకు తిక్క రేగింది. పరుగెత్తుకెళ్లి ఆమె వెనక నిలబడి అరిచాను. "ఏంటక్కయ్యా ఇది? నా మీద కోపముంటే ఇంట్లో చూసుకో, బోరు మీద చూపిస్తావేం?"

ఆమె తిరిగైనా చూడలేదు. తీరిగ్గా కళ్లజోడు తుడుచుకుంటోంది.

బొంగురు గొంతు కుర్రాడొకడు ఉండబట్టలేక, "మేడం, అరుస్తోంది కదండీ!" అన్నాడు. వాడి ఉద్దేశం డబ్బా.

"ఎవరూ, మా చెల్లెలా?" అంది అక్కయ్య. "దాని గొంతు విని ఎన్నాళ్లయిందో! నాతో మాట్లాడటమే మానేసింది. నేనేం తప్పు చేశానో చెబితే దిద్దుకునేదాన్ని."

నేను ఆమె వీపు వెనకే ఉన్నాను. డబ్బా కూస్తూనే ఉంది. ఆ కూతకీ నా గొంతుకీ పెద్ద తేడా లేదు. నేను పొగరనుకున్నదంతా పాపం, సన్నని గొంతులు వినపడని చెవుల జబ్బు! నవ్వొచ్చింది, సిగ్గేసింది, రెండూ కలిసి ఏడుపయ్యాయి. ముందుకెళ్లి, బావగారిలా గొంతు బండ చేసి, "అక్కయ్యా!" అన్నాను.

ఉలిక్కిపడింది. "ఆ గొంతేంటే? జలుబు చేసిందా?"

"నేను రోజూ మాట్లాడుతూనే ఉన్నాను. నీకే వినపడటం లేదు. ఇదిగో, ఇది కూడా కూస్తోంది."

అక్కయ్య వంగి, డబ్బాకు అరచేత్తో నీడ పట్టింది. నీళ్లు తగిలినట్టు చూపే చిన్న ఎర్రలైటు వెలుగుతోంది. ఇక ఆమెకు విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"అయితే నేను విననివి చాలా ఉండుంటాయి."

"ఉన్నాయి."

"వాటిలో ముఖ్యమైనవేమైనా ఉన్నాయా? ఉంటే ఇప్పుడు చెప్పు, గట్టిగా." చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, నా పెదాల వంకే చూస్తూ నిలబడింది.

గుండెల నిండా గాలి పీల్చుకున్నాను.

"వచ్చే ఏడు మనం ఇంకో బోరు వేయించుకుందాం అన్నాను!"

"ఇంతేనా?" అంది అక్కయ్య. "ఇంకేం చెబుతావోనని భయపడి చచ్చాను."