పచ్చి కొబ్బరాకు వాసన

నిన్న మా పాప బళ్లో కొబ్బరాకు బుట్ట అల్లడం నేర్చుకుని వచ్చి, ఇంట్లో మళ్లీ మొదలుపెట్టింది. చీల్చిన పచ్చి ఆకు వాసన తగలగానే నేను లేచి వెళ్లి కిటికీలు మూసేశాను. ఎందుకో మన కోనసీమలో నా ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు.

చిన్నప్పుడు ఆ వాసనంటే మనకు ఆటే కదా. బూరలు, గిరకలు, చేతి గడియారాలు. మలికిపురం దగ్గర మా కొబ్బరితోటలో, అలిసిపోయి రెక్కలు వాల్చేసిన తెల్ల పిట్ట దొరికినప్పుడు కూడా అక్కా నేనూ ఆకులు చీల్చి దానికి బుట్ట అల్లాం. సముద్రం మీద తిరిగే పిట్ట అది. చేపముక్కలు తిని తేరుకుంది. మర్నాడు అరుగు మీద నుంచి ఎగరేస్తే పెరట్లో ఒక చుట్టు తిరిగి, నేరుగా ఇంట్లోకొచ్చి మంచం కింద దూరింది. మళ్లీ ఎగరేస్తే మళ్లీ అంతే.

"మనకి మాలిమైపోయిందండి నాన్నగారూ," అంది అక్క సంబరంగా.

నానమ్మ నవ్వలేదు. వాకిట్లోకి వెళ్లి చూసింది. ఎక్కడా ఆకు కదలడం లేదు.

"గేదెల పలుపులు విప్పేసి, పిల్లల్ని పక్కవాళ్ల డాబాలోకి పంపెయ్ రా అబ్బాయ్. అది మాలిమై రాలేదు. బయటికెళ్లడానికి భయపడతంది."

"ఎండ కాస్తోంది కదమ్మా," అన్నారు నాన్నగారు. అంటూనే వెళ్లి పలుపులు విప్పారు.

తుఫాను వెలిసిన పొద్దున డాబా తలుపు తీయగానే, అక్క ఒళ్లో బుట్టలోంచి పిట్ట తనంతట తనే ఎగిరిపోయింది. బయట మా ఇల్లు లేదు. తోట నేలకొరిగింది. ఊరంతా ఒకటే వాసన, ఆకులన్నీ ఎవరో ఆటకోసం ఒక్కసారే చీల్చినట్టు.