పద్దెనిమిదో కొక్కేనికి వేలాడిన మూట

ఒక మనిషి చెమట బట్టలు ఎంత నష్టం చేయగలవు? మహా అయితే పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారనే కదా మీరనుకునేది. నావి ఒక షిఫ్టును ఆపేశాయి. స్నానం చేసి తల దువ్వుకున్న ఆరుగురిని మళ్లీ గనిలోకి దింపాయి. ఆ ఆరుగురి పేర్లు రాసిచ్చిన మహానుభావుణ్ని కూడా నేనే. అదొక్కటి గుర్తుపెట్టుకోండి.

అప్పుడు గోదావరిఖనిలో ఒక గని ఆఫీసులో క్లర్కుగా కొత్తగా చేరాను. ఇల్లు కమాన్‌పూర్. ఉద్యోగం రాగానే అందరూ బండి కొంటారు, నేను పొట్ట తగ్గాలని గేర్ల సైకిలు కొన్నాను. దాంతోపాటు కూర్చునే చోట మెత్త కుట్టిన బిగుతు నిక్కరు కూడా, చిలకపచ్చ రంగుది. అది వేసుకుని బయల్దేరితే మా ఊరి కుక్కలు పొలిమేర దాకా సాగనంపేవి. ఎండకు భయపడి చీకటితోనే బయల్దేరి ఆరింటికల్లా ఆఫీసు చేరేవాణ్ని. అయినా మన వేసవి సంగతి మీకు చెప్పాలా, నన్ను పిండితే బకెట్ నిండేది.

స్నానం చేసి ప్యాంటూ చొక్కా వేసుకోవడం దాకా బాగానే ఉండేది. విప్పిన బట్టలను ఏం చేయాలన్నదే చిక్కు. మొదటి రోజు ఆఫీసు కిటికీకి ఆరేశాను. మా హెడ్ క్లర్కు ఖాజా భాయ్ రోజూ అత్తరు పూసుకుని వచ్చే మనిషి. గడప దగ్గరే ఆగిపోయాడు.

"ఏంది భయ్ ఇది, ఎలుక సచ్చిందా?"

"నా బట్టలు భాయ్. ఆరుతున్నయి."

"అవి ఆరేలోపట మేం పోతం. జల్ది తియ్యి."

రెండో రోజు బీరువా వెనక దాచాను. ఆయన ముక్కు పది నిమిషాల్లో పట్టేసింది. మూడో రోజు నా బుర్ర వెలిగింది. కార్మికులు బట్టలు మార్చుకునే గది ఒకటుంది కదా. అందులో గోడ పొడవునా నంబర్లు వేసిన కొక్కేలు. లోపలికి దిగేవాళ్లు ఇంటి బట్టలు వాటికి తగిలించి డ్యూటీ బట్టల్లో పోతారు. మొదటి షిఫ్టు వాళ్లు ఇంకా రాలేదు, కొక్కేలన్నీ ఖాళీ. వాసన బయటికి రాకుండా నా బట్టలను తువ్వాలలో మూటగట్టి, గట్టిగా ముడేసి, నంబరైనా చూడకుండా ఒకదానికి తగిలించి వచ్చాను.

అక్కడొక కట్టుబాటు ఉందని నాకెవరూ చెప్పలేదు. మనిషికొక కొక్కెం, షిఫ్టు అయ్యాక అది ఖాళీగా ఉండాలి. బట్టలు వేలాడుతున్నాయంటే ఆ మనిషి ఇంకా పైకి రాలేదని లెక్క. లోపలున్న మనిషి బట్టలను ఇంకొకరు ముట్టుకోరు.

సాయంత్రం నాలుగింటికి, ఆ గది చూసుకునే పోశం కాక మేనేజర్ ముందు వచ్చి నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు లేదు.

"సార్, పద్దెనిమిదో కొక్కేనికి మూట గట్లనే ఉంది. మల్లయ్య పైకి రాలే."

"తలదీపం అప్పజెప్పిండా?"

"అప్పజెప్పినట్టే రాసుంది సార్. కానీ పక్కోని చేతికిచ్చి పంపుతరు. దాన్ని నమ్మొద్దు."

రెండో షిఫ్టును పైనే ఆపేశారు. నేను పెన్ను పట్టుకుని ముందుకు దూకాను. మల్లయ్య కాక ఫోన్ కలవలేదు. ఇంటికి చేస్తే ఆయన భార్య లచ్చవ్వ ఎత్తింది.

"ఇంక రాలే బిడ్డా. ఏమైంది?"

"ఏం కాలేదవ్వా, ఏం ఫికర్ చెయ్యకు. నువ్వు జల్ది గని కాడికి రా."

ఇంతకంటే బాగా భయపెట్టడం ఎవరి తరమూ కాదు. ఆమె అప్పటికే ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది.

లోపలికి దిగి వెతకడానికి, ఇంటికి పోబోతున్న ఆరుగురి పేర్లు రాసిచ్చాను. వాళ్లలో ఒకాయన "ఇప్పుడే తానం చేసిన" అనబోయి, మల్లయ్య పేరు వినగానే నోరు మూసుకుని దీపం తెచ్చుకున్నాడు. వాళ్లు దిగుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఎంత గొప్ప మనుషులు అనుకున్నాను. నా గొప్పతనం అప్పటికింకా బయటపడలేదు.

లచ్చవ్వ ఆటో దిగి నేరుగా ఆ గదికి పరుగెత్తింది. వెనకే మేనేజరు, పోశం కాక, నేను. లోపల కాలు పెట్టి కొక్కెం వైపు చూశాను. నీలి గళ్ల తువ్వాల. మూలకు మా అమ్మ కుట్టిన ఎర్ర దారం.

దాన్ని లాక్కుందామని ముందుకు కదిలాను. ఈలోగా లచ్చవ్వ ఏడుస్తూనే ముడి విప్పింది. నా బనియను ఆమె చేతిలో పడింది. గుండెకు హత్తుకోబోయి, ఆగి, వాసన చూసింది.

"ఇది మా ఆయనది గాదు," అంది.

"ఎట్ల చెప్తవమ్మా?" అన్నాడు మేనేజరు.

"పెండ్లయిన కాడికెల్లి ఉతుకుతున్న, నాకు తెల్వదా? ఆయన చెమటల బొగ్గు వాసనుంటది. ఇది ఉత్త కంపు."

మేనేజరు పెన్ను కొనతో నిక్కరు పైకెత్తాడు. "మరి ఈ మెత్త ఏంది?"

పోశం కాక గొంతు తగ్గించాడు. "మల్లయ్యకు మొలలు గిట్ల ఉన్నయేమో సార్."

"మా ఆయనకు ఏ రోగం లేదు," అని లచ్చవ్వ గయ్యిమంది.

"సార్," అన్నాను. "అది నాది."

ముగ్గురు ఒకేసారి నన్ను అంత శ్రద్ధగా చూడటం నా జీవితంలో అదే మొదలు. అప్పుడే గుమ్మంలో మల్లయ్య కాక. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నిండా నురగ, మెడలో మంగలి షాపు గుడ్డ.

"నేను లోపల ఉండిపోయిన్నట గదా, షాపుల చెప్పిండ్రు," అన్నాడు రొప్పుతూ. "పొద్దుగాల నా కొక్కేనికి ఎవలిదో మూటుంటే, ఉండనీ తీ అని తలుపెనక మేకుకు తగిలిచ్చుకున్న."

లచ్చవ్వ ఆయన్ను కొట్టింది, నా బనియనుతోనే. కొట్టి, ఆ తర్వాత అక్కడే కూలబడి భోరున ఏడ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆరుగురూ నల్లగా పైకొచ్చారు. ఒక్కరూ తిట్టలేదు. ఆరు జతల డ్యూటీ బట్టలు మాత్రం నా ముందు పడేశారు. ఆదివారమంతా ఉతికాను. నీళ్లు తెల్లబడనే లేదు.

సోమవారం పోశం కాక సైకిల్ స్టాండు దగ్గర వేపచెట్టుకు ఒక మేకు కొట్టి, పక్కన సుద్దముక్కతో సున్నా రాసి పెట్టాడు. "ఇది నీది. దీనికి నీ బట్టలు నెల రోజులున్నా నిన్ను ఎవలం ఎతకం, పో."

వానాకాలంలో ఒకరోజు జోరున వాన పట్టుకుంటే సైకిలూ బట్టలూ అక్కడే వదిలేసి బస్సెక్కాను. ఇల్లు చేరేలోపే ఫోన్.

"నిక్కరు ఈడనే ఉంది. నువ్వేడున్నవ్ బిడ్డా?" పోశం కాక గొంతు వణుకుతోంది.

అందుకే ఆ వేపచెట్టు సాక్షిగా, ఖాజా భాయ్ ముక్కు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నేనొక చోట, నా నిక్కరు ఒక చోట ఉండము.