పన్నెండో పేరు

నిన్న ఏడో తరగతిలో హాజరు పిలుస్తుంటే ఒక పేరుకు ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచాను. వెనక బెంచీలోంచి వాడి స్నేహితుడు, "ఉండాడు టీచర్! నీళ్ళు తాగను పొయ్యినాడు" అని అరిచాడు. ఉన్నాడు అనడానికి 'ఉండాడు' అనడం మా పాకాలలో రోజుకు వందసార్లు వినే మాటే. అయినా రిజిస్టరు మీద పెన్ను పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. హవల్దార్ మునెయ్యగారు గుర్తొచ్చారు.

సైన్యంలో ఉన్న మా అన్న మంచుకొండల్లో కాపలా కాస్తూ చనిపోయినప్పుడు వీధి పట్టనంత జనం వచ్చారు. పెట్టె మీద జెండా, మైకులో నినాదాలు, ఎవరెవరివో దండలు. మూడోనాటికి షామియానా విప్పుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. దినాలయ్యాక ఒక మధ్యాహ్నం, చేతిసంచితో ఒక పెద్దాయన గడప దగ్గర చెప్పులు విడిచారు. ఆయనే మునెయ్యగారు. మిలిటరీలో రిటైరై వచ్చి, చుట్టుపక్కల సైనికుల ఇళ్ళకు తిరిగి, వాళ్ళ కాగితాల పనులు చేసిపెట్టేవారు. త్యాగమని, వీరమరణమని ఒక్క మాటా అనలేదు. మా నాయన పక్కన కూర్చుని, "ఏం ఇష్టంగా తినేవాడప్పా మీవాడు?" అని అడిగారు. అన్నాళ్ళుగా నోరు విప్పని మా నాయన, "సంగటీ, ఊరిబిండీ" అని చెప్పి భోరుమన్నాడు. అమ్మ లేచి సంగటి కెలికి, ఆ పచ్చడీ రోట్లో నూరింది. ఆయన మాతోపాటు కూర్చుని కడుపునిండా తిని, అప్పుడు సంచిలోంచి పింఛను ఫారాలు తీశారు.

ఆ ఫారాలు నింపడంలో సాయపడబోయి నేనూ ఆయన వెంట పడ్డాను. ఆఫీసుల్లో గుమాస్తాలు రేపు రమ్మంటే నాకు ఒళ్ళు మండేది. ఆయన మాత్రం సంచిలోంచి మరమరాల పొట్లం తీసి, "తిను. కోపం జాస్తయితే ఆకలి తెలీదు" అనేవారు. అలా తిరిగి తిరిగి ఎన్ని ఇళ్ళకు ఆధారం సంపాదించి పెట్టారో నాకు తెలుసు.

ఏడాదికోసారి మా స్కూలు మైదానంలో ఆయన జరిపే సభలో ఒక పద్ధతి ఉండేది. పటాలంలో రోల్‌కాల్ పిలిచినట్టు చనిపోయినవాళ్ళ పేర్లు పిలిచేవారు. ప్రతి పేరుకూ ఆ ఇంటివాళ్ళు లేచి "ఉండాడు" అని పలకాలి. చనిపోయినవాళ్ళకు హాజరేంటి సార్ అని మొదట్లో నేను విసుక్కున్నాను. "పలికేదానికి మీరు ఉండారు గదమ్మా" అన్నారాయన. అన్న పోయిన ఏడు సభలో ఆ పేరు పిలిచినప్పుడు మా నాయన కండువాలో ముఖం దాచుకున్నాడు. నేనే లేచి "ఉండాడు" అన్నాను. అన్న పోయాక నాకు ఊపిరాడినట్టనిపించింది ఆ ఒక్క క్షణమే.

పుత్తూరు దగ్గర ఒక పల్లెలో దేవకమ్మ అనే ఆమె ఉంది. చింతపండు గింజలు తీసే కూలిపనితో కొడుకు సురేషును చదివించింది. ఎనిమిదేళ్ళు సైన్యంలో పనిచేసిన సురేష్ క్యాంపులోనే తన ప్రాణం తానే తీసుకున్నాడు. పెట్టె మీద జెండా లేదు, వీధిలో జనం లేరు. మునెయ్యగారు ఆ ఇంటికీ వెళ్ళారు, అక్కడా అన్నం తిన్నారు. మా సభ జాబితాలో ఆ పేరు చేర్చబోతే, ఆయనతో కలిసి సభ నడిపే కమిటీవాళ్ళు ఒప్పుకోలేదు. "ఎనిమిదేండ్లు కాపలా కాసినోడప్పా. ఒగ దినం సూసి ఎనిమిదేండ్లూ కొట్టేస్తామా?" అని ఆయన ఒక్కరే వాదించారు. ఆహ్వానపత్రికలో పదకొండు పేర్లే అచ్చయ్యాయి. ఆయన మాత్రం సభలో నేను చదవాల్సిన కాగితంలో పన్నెండోది తన చేత్తో రాసి ఇచ్చారు. ఆ వాదన జరిగిన కొన్నాళ్ళకే ఆయనకు గొంతులో క్యాన్సరని తేలింది. ఆపరేషన్‌తో మాట పోయి, ఏదైనా పలక మీద రాసి చూపేవారు. అందుకే ఆ ఏడు పిలిచే పని నాకు అప్పగించారు.

దేవకమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చి, కొడుకు ఫోటో ఒడిలో పెట్టుకుని మూడో వరసలో కూర్చుంది. నేను మైకు అందుకోబోతుంటే వేదిక మీది ముఖ్య అతిథి పత్రిక చూస్తూ, "పదకొండు మందే కదమ్మా?" అన్నాడు. అడ్డుచెప్పాలని కాదు, బెదిరించాలనీ కాదు. ఊరికే అడిగాడు. నేను "పదకొండే సార్" అన్నాను.

పదకొండు పేర్లు చదివి కాగితం మడిచేశాను. మొదటి వరసలో మునెయ్యగారు లేచి నిలబడ్డారు. నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఈలోగా జాతీయగీతం మొదలైంది. అందరూ లేచారు కాబట్టి, ఆయన ఎందుకు లేచారో ఎవరికీ తెలియలేదు.

ఆయన నన్ను తిట్టలేదు. పలక మీద రాసైనా తిట్టి ఉంటే బాగుండేది. మరుసటి ఏడు సభ నాటికి ఆయన లేరు. పన్నెండో పేరు పిలుస్తానని కమిటీని అడిగితే "ఎందుకమ్మా లేనిపోని రభస" అన్నారు. నాకు పౌరుషం అప్పుడొచ్చింది. ఇక చదవనని చెప్పి వచ్చేశాను. నేను మానేస్తే ఇంకొకరు చదివారు, పదకొండే.

ఆ వారమే దేవకమ్మ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద చింతపండు ముందేసుకుని కూర్చుని ఉంది. "కూచోమ్మా" అని చాప జరిపింది. "ఆ పొద్దు నేను లెక్క పెట్టుకుంటానే ఉండానమ్మా, ఇప్పుడు మావోడు, ఇప్పుడు మావోడు అని. ఇంటికాడ అద్దం ముందర నిలబడి పలికేది నేర్చుకున్నా." లేచి నిలబడి, మునెయ్యగారు పిలిచినట్టే గట్టిగా సురేష్ పేరు పిలిచాను.

ఆమె గింజలు తీస్తూనే ఉంది. చేతిలో గింజ పక్కన వేసి తలెత్తింది.

"నాకాడ పిలిస్తే ఏమొస్తాదమ్మా? నాకు తెలుసు గదా వాడు ఉండాడని. ఆడ పిలవాల్సింది."

మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళే ముఖం నాకు లేకపోయింది. ఆయన చేతిరాతతో ఉన్న ఆ కాగితం ఇప్పటికీ నా హ్యాండ్‌బ్యాగులో ఉంది, మడతల దగ్గర చిరిగిపోతోంది. రోజూ క్లాసులో ఆఖరి పేరు పిలిచాక, ఇంకొక పేరు పిలిచేంత సేపు ఆగుతాను. పిల్లలు అలవాటు పడిపోయారు. ఎవరూ పలకరు. రిజిస్టరు మూసి పాఠం మొదలుపెడతాను.